కొంగల జట్టు ఎవరిది?

నేను బాస్కెట్‌బాల్ కోచ్‌నని చెబితే మా వైపు చాలామంది "అంటే వాలీబాలేనాండీ?" అని అడిగేవారు. కాదండీ, పైన బుట్టలో వేసే ఆట అని చెబితే "ఓహో, అదా!" అని తల ఊపేవారు. మళ్ళీ ఏ పెళ్ళిలోనో కనబడినప్పుడు "వాలీబాల్ ఎలా ఉందండీ?" అనేవారు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. తర్వాత "బాగానే ఉందండీ" అనడం అలవాటైంది.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఇంటికి వచ్చి "మీ అనుభవం చెప్పండి సార్" అంటున్నారు. షాట్ ఎలా వేయించాలి, డిఫెన్స్ ఎలా నిలబెట్టాలి అన్నవి పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే బాగా ఉన్నాయి. నా దగ్గర ఉన్నది ఒక టీం కథ. దానికి మొదలు ఎక్కడో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోబోయి ఏం జరిగిందో మాత్రం తెలుసు. అదే రాస్తున్నాను.

మిల్లు టీం

మాది నల్లజర్ల దగ్గర పల్లెటూరు. కొన్నేళ్ళు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేశాక ఏలూరు శివార్లలో ఉన్న ఒక నూనె మిల్లువాళ్ళు కోచ్‌గా పిలిచారు. ఆ మిల్లుకి సొంత బాస్కెట్‌బాల్ టీం ఉంది. ఆటగాళ్ళందరికీ మిల్లు జీతం ఇచ్చేది. పేరుకి ప్యాకింగ్ సెక్షన్‌లో పని. అసలు పని ఆడటమే. రాజమండ్రి, భీమవరం, తాడేపల్లిగూడెం, ఎక్కడ టోర్నమెంట్ జరిగినా మా టీం దిగిందంటే జనం గుమిగూడేవారు. ఆఫీసు గదిలో అద్దాల బీరువా నిండా కప్పులు. వాటిలో సగం నేను పుట్టకముందు గెలిచినవని మిల్లులో చెప్పుకునేవారు.

టీంకి కాగితం మీద మిల్లు పేరే ఉండేది. జనం మాత్రం "కొంగల జట్టు" అనేవారు. తెల్ల బనీన్లు, పొడుగు కాళ్ళు, పక్కనే కొల్లేరు. ఇక ఆ పేరుకి అర్థం వెతకాల్సిన పనేముందనుకున్నాను.

కోచ్ పని అంటే ఈల పట్టుకుని అరవడమనుకుని చేరాను. పదిమంది కుర్రాళ్ళ ఇళ్ళలో ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరి చెల్లెలికి సంబంధం కుదిరింది, ఎవడు ఎవడితో మాట్లాడటం లేదు, ఇవన్నీ తెలియకుండా ఒక్క పాస్ కూడా సరిగ్గా వెళ్ళదని తెలియడానికి చాలా కాలం పట్టింది. మాట్లాడుకోని ఇద్దరు ఒకరికొకరు బంతి ఇచ్చుకోరు. ఇది మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

మొదట నేను పనిచేసింది మిల్లు యజమాని పెద్దబాబుగారి దగ్గర. ఆయన సాయంత్రాలు కోర్టు పక్కన పేము కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. ఆటలో ఒక్క రూలూ తెలియదు. సగం ఆట అయ్యాక జట్లు బుట్టలు మార్చుకుంటాయి కదా, అప్పుడు ఆయన కంగారుపడిపోయేవారు.

"మాస్టారూ, మనవాళ్ళు ఇప్పుడు ఎటు వేయాలండీ?"

"ఇటండీ."

"ఇందాక అటు కదండీ?"

"సగం అయ్యాక మారతామండీ."

"మంచిది. మీరు చూసుకోండి" అనేవారు. పది నిమిషాల తర్వాత అవతలి జట్టు వేసిన బుట్టకి చప్పట్లు కొట్టేవారు. ఆట తెలిసిన యజమానుల దగ్గర పనిచేసిన కోచ్‌లు నా స్నేహితుల్లో ఉన్నారు. వాళ్ళెవరూ నా అంత సుఖపడలేదు.

చినబాబుగారి కోరిక

రెండువేల సంవత్సరం దాటిన కొద్ది ఏళ్ళకు పెద్దబాబుగారు పోయారు. కొడుకు చినబాబుగారు మిల్లు చేతుల్లోకి తీసుకున్నారు. చెడ్డవాడు కాదు. ప్రతిదానికీ "ఎందుకు?" అని అడిగే మనిషి. మిల్లులో టీం ఎందుకుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఒకరోజు నన్ను పిలిచారు.

"మాస్టారూ, కొత్త నూనె ప్యాకెట్ మీద కొంగ బొమ్మ వేద్దామనుకుంటున్నానండీ. కింద టీం కథ. మా తాతగారు ఈ టీం ఎలా పెట్టారు, ఎందుకు పెట్టారు, కొంగలని పేరు ఎలా వచ్చింది, మీరు కనుక్కుని చెప్పండి."

"తాతగారే పెట్టారాండీ?"

"మరెవరు పెడతారండీ? మిల్లు ఆయనదేగా. తాడేపల్లిగూడెంలో పెద్ద మ్యాచ్ పెడదాం. డీలర్లందరినీ పిలుద్దాం. కథ బాగుంటే టీం ఉంటుంది, ఇంకా పెంచుదాం. లేదంటే మాత్రం మీరే చెప్పండి, నూనె మిల్లుకి బంతాట ఎందుకండీ?"

నేను బయటికి వచ్చేసరికి, లోపలి మాటలు విన్న కెప్టెన్ నాగరాజు గుమ్మంలోనే పట్టుకున్నాడు. వాడిది కొల్లేటి లంక గ్రామం. చిన్నప్పటినుంచి వల విసిరిన చేతులు. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి బంతి విసిరితే అందుకునేవాడి ఛాతీ మీదికే వెళ్ళేది. ఆ రోజుల్లోనే కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్ళు కొట్టేశారు. వాళ్ళ నాన్న చెరువు కూడా పోయింది. ఇల్లంతా వీడి జీతం మీద నడుస్తోంది.

"మాస్టారూ, వాళ్ళ తాతగారేనని చెప్పేయండి. మనకేం పోయిందండీ?"

"కనుక్కోమన్నారు కదా, కనుక్కుందాం. ఆయనే అయ్యుంటారు" అన్నాను. నేను నిజంగా అలాగే అనుకున్నాను.

ఖాదర్ సాహెబ్ గారు

పాత టీంలో ఆడినవాళ్ళలో మిగిలింది ఖాదర్ సాహెబ్ గారొక్కరే అని మిల్లులో అన్నారు. ఏలూరులో తివాచీలు నేసిన కుటుంబం. నేను వెళ్ళేసరికి ఆయన మగ్గం మానేసి చాలా కాలమైంది. వీధి అరుగు మీద కూర్చుని, సాగదీసిన కాళ్ళకి నూనె రాసుకుంటున్నారు. విషయం చెప్పగానే నవ్వారు.

"మిల్లువారు పెట్టారా? ఏవండీ మాస్టారూ, మేం ఆట మొదలెట్టినప్పుడు అక్కడ మిల్లు ఎక్కడిదండీ? చెరుకు తోట!"

"మరి ఎవరు పెట్టారండీ?"

"మేమేనండీ. తివాచీల వాళ్ళం. మగ్గాల వెనక దొడ్లో కొబ్బరిచెట్టుకి పీపా ఇనపకట్టు కొట్టాం. మిగిలిన ఉన్నితో నేనే వల అల్లాను. ఎర్రదీ, పచ్చదీ. అంత అందమైన వల మీ మిల్లులో ఉందాండీ?"

"లేదండీ. మరి కొంగలనే పేరు?"

"మా అన్నయ్య గఫూర్. ఆరడుగుల పైన మూడంగుళాలు. ఒంటికాలి మీద నిలబడి షాట్ వేసేవాడు. జనం కొంగ, కొంగ అన్నారు. తర్వాత మిల్లాయన మమ్మల్ని పనిలోకి తీసుకున్నారు. మాతోపాటు పేరూ తీసుకున్నారు. అంతేనండీ."

నేను లేవబోతుంటే అడిగాను. "మీకు ఆట ఎవరు నేర్పారండీ?"

ఆయన అరచేతిలోకి మరికాస్త నూనె వంచుకున్నారు. "ఒక టీచరమ్మ ఉండేదండీ, మిషన్ కాంపౌండ్‌లో. రూతమ్మ గారు. రూల్సు చెప్పిందంతే. ఆట మాదే. ఇప్పుడు పెదవేగిలో ఉంటారట. ఆవిణ్ణి అడక్కండి, అంతా తనే చేశానంటుంది."

రూతమ్మ గారు

పెదవేగి బస్సులో రోడ్డుకి రెండు పక్కలా పామాయిల్ తోటలు. బస్సు దిగి అడిగితే మొదటి మనిషే ఇల్లు చూపించాడు. ఆ ఊళ్ళో సగం మందికి అక్షరాలు నేర్పింది ఆవిడేనట. సన్నగా, నిటారుగా ఉన్నారు. కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, నేను తాగాకే ఏం పని మీద వచ్చానో అడిగారు. ఖాదర్ సాహెబ్ గారు చెప్పింది చెప్పాను.

"ఖాదర్ ఇంకా ఉన్నాడా? సంతోషం. వల అల్లిన మాట నిజమే బాబూ. మిగతాది వాడి గొప్పలు."

"మరి నిజం ఏమిటండీ?"

"మేం పదిమందిమి టీచర్ ట్రైనింగ్ పిల్లలం. హాస్టల్ వెనక దొరసాని గారు కోర్టు వేయించారు. తెల్ల చీరలు. ఆ చీరలతోనే ఆడేవాళ్ళం, కొంగులు నడుముకి దోపుకుని. ఈ తివాచీల కుర్రాళ్ళూ, ఊళ్ళో మిగతా కుర్రాళ్ళూ గోడెక్కి కూర్చుని 'కొంగుల జట్టు, కొంగుల జట్టు' అని ఏడిపించేవారు."

నేను ఖాళీ గ్లాసు కింద పెట్టాను. "కొంగులా అండీ?"

"కొంగులే. ఒకరోజు నాకు ఒళ్ళు మండి, దమ్ముంటే దిగి ఆడండి అన్నాను. దిగారు. ఒక్క బుట్ట కూడా వేయలేకపోయారు. మర్నాడు వచ్చి నేర్పమన్నారు. నేర్పాం. వాళ్ళు జట్టు పెట్టుకున్నారు. కొంగుల జట్టంటే మగవాళ్ళకి నామోషీ కదా, కొమ్ము తీసేశారు. కొంగలయ్యారు."

"మరి మిల్లు తాతగారు?"

ఆవిడ నవ్వారు. "గోడెక్కినవాళ్ళలో ఆయనా ఒకడే బాబూ. తెల్ల చొక్కా, కిర్రు చెప్పులు. దిగి ఆడలేదు, చెప్పులు పాడవుతాయని."

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి అడిగారు. "మీ జట్టులో ఇప్పుడు ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు మాస్టారూ?"

"ఎవరూ లేరండీ."

"ఎవరూనా?" అని కొంగు సర్దుకున్నారు. "ఒక్కసారి మీ కుర్రాళ్ళ ఆట చూడాలని ఉంది. జట్టు మిల్లువాళ్ళ దగ్గరికి పోయాక మమ్మల్ని ఎవరూ పిలవలేదు" అన్నారు. పిలుస్తానన్నాను.

తిరుగు బస్సులో నా బుర్ర పనిచేయలేదు. అన్నేళ్ళుగా నేను కోచ్‌ని. నా టీం పుట్టుక నాకు తెలియదు సరే, పేరు కూడా సరైనది కాదేమో! ఆవిడ చెప్పేది నమ్మితే ఖాదర్ సాహెబ్ గారి అన్నయ్య ఏమైనట్టు? ఆయన్ని నమ్మితే ఆవిడ అబద్ధం చెప్పే మనిషిలా లేరు. ఏలూరు దిగేసరికి మూడు టీంలు నా తలలో ఒకే బుట్ట కింద కొట్టుకుంటున్నాయి.

చినబాబుగారికి అంతా ఉన్నదున్నట్టు చెప్పాను, ఆ చెప్పుల సంగతి తప్ప. ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశారు.

"ఇందులో ఏది నిజమండీ?"

"నాకు తెలియదండీ."

"మీకే తెలియకపోతే ఎలాగండీ? సరే, మా తాతగారిదే వేయిస్తాను. కొల్లేటి కొంగలు, మా తాతగారి కల. వినడానికి బాగుంది."

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. యజమాని ఏదైనా కనుక్కోమన్నాడంటే, సగం సార్లు ఆయనకి జవాబు ముందే తెలుసు. మిగతా సగం ఎప్పుడో గుర్తుపట్టడమే కష్టం.

గూడెం మ్యాచ్

తాడేపల్లిగూడెంలో షామియానా, మైకు, పూలదండలు, నూనె డీలర్ల కుర్చీలు. ఎదురు జట్టు రాజమండ్రి నుంచి వచ్చింది. మాట ఇచ్చాను కాబట్టి రూతమ్మ గారినీ ఖాదర్ సాహెబ్ గారినీ నేనే పిలిపించాను. ముందు వరసలో ఒకరి పక్కన ఒకరిని కూర్చోబెట్టాను. చాలా ఏళ్ళ తర్వాత కలిశారు. ఇద్దరూ నవ్వుకుంటూ మాట్లాడుకోవడం చూసి సంతోషించాను కూడా.

మైకులో చెప్పారు: ఈ జట్టుని స్థాపించిన మహానుభావులు చినబాబుగారి తాతగారు. చప్పట్లు.

ఖాదర్ సాహెబ్ గారు లేచి నిలబడ్డారు. "ఏవండీ, ఏమనుకోకండీ. స్థాపించింది ఆయన కాదండీ. మేము."

మైకు పట్టుకున్న కుర్రాడు నోరు తెరిచి చినబాబుగారి వైపు చూశాడు.

"కూర్చో ఖాదర్" అన్నారు రూతమ్మ గారు. "మీకు బంతి ఎటు పట్టుకోవాలో నేర్పింది ఎవరు?"

"రూల్సు మీరే చెప్పారమ్మా, కాదనలేదు. జట్టు మాది."

"గోడ మీద కూర్చున్నవాళ్ళని జట్టంటారా?"

"కొబ్బరిచెట్టుకి కట్టు కొట్టింది మేము కాదాండీ?"

"మా కోర్టులో ఓడిపోయాక కొట్టారు!"

"ఓడిపోలేదమ్మా. చీకటి పడింది, ఆపేశాం!"

డీలర్లు పగలబడి నవ్వారు. ఒకాయన వేదిక మీదున్న చినబాబుగారినే అడిగాడు. "ఇంతకీ టీం ఎవరిదండీ?" చినబాబుగారి మొహం ఎర్రబడింది. తాతగారి పేరు అచ్చు వేయించిన కొత్త ప్యాకెట్లు ఆయన చేతిలోనే ఉండిపోయాయి. నాకు ఎటు పరిగెత్తాలో తెలియలేదు. వేదిక మీదికా, ముందు వరసలోకా, టీం దగ్గరికా? చివరికి చేతిలో ఈల ఉంది కాబట్టి ఊదాను. ఆట మొదలైంది.

పిల్లలు బెదిరిపోయి ఓడిపోతారనుకున్నాను. ఆ రోజు ఆడినట్టు వాళ్ళు అంతకుముందెప్పుడూ ఆడలేదు. నాగరాజు విసిరిన ప్రతి బంతీ చేతిలో పెట్టినట్టే పడింది. నేను చెప్పిన ప్లాన్ ఒక్కటీ వాళ్ళు వాడలేదు. ముసలివాళ్ళిద్దరూ పోట్లాట మానేసి ఒకే బుట్టకి చప్పట్లు కొట్టారు. ఎందుకంత బాగా ఆడారని తర్వాత నాగరాజుని అడిగాను.

"ఏమోనండీ. ఎవరిదో తెలియదు కదా, ఎవరికీ భయపడక్కర్లేదనిపించిందండీ" అన్నాడు.

కోచింగ్ గురించి నేను విన్న మాటల్లో నాకు ఇప్పటికీ అర్థం కానిది అదొక్కటే.

తర్వాత

గెలిచిన కొద్ది రోజులకే టీం రద్దయింది. చినబాబుగారు కోపంగా ఏమీ అనలేదు. "మాది కాదని పదిమందిలో అన్నాక మేమెందుకు మొయ్యాలండీ?" అన్నారు. ఆలోచిస్తే ఆ మాటలోనూ న్యాయం ఉంది. కుర్రాళ్ళని పనిలోంచి తీసేయలేదు. ప్యాకింగ్‌లో నిజంగానే ప్యాకింగ్ చేయమన్నారు. నాగరాజు జీతం పోలేదు, నా గుండె కుదుటపడింది. నన్ను స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. కోర్టుకి తాళం పడింది. ఆ ఇద్దరినీ పిలవడం మంచి పనా, కాదా? ఆ రోజుల్లో పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా అనిపించేది.

ఒక ఆదివారం మిల్లు గేటు దగ్గర రూతమ్మ గారు నిలబడి ఉన్నారు. పక్కన నలుగురు ఆడపిల్లలు. పామాయిల్ తోటల్లో గెలలు మోసేవాళ్ళ పిల్లలు, బడి ఆవరణలో ఎండకి పరిగెత్తీ పరిగెత్తీ నల్లబడ్డ కాళ్ళు.

"వీళ్ళకి నేర్పండి మాస్టారూ."

"అమ్మా, టీం లేదండీ. పోయింది."

"పోతే పోయింది బాబూ. మేం మొదలుపెట్టినప్పుడు మాత్రం ఉందా ఏమిటి?"

కోర్టు వైపు చూశాను. తాళంచెవి నా దగ్గర లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ సత్తిబాబు ఇదంతా వింటున్నాడు. అతనికి ఆటంటే ఏ ఆసక్తీ లేదు. "కోర్టు పక్క గేటు గడియ సరిగ్గా పడదండీ. నేను టీ తాగొస్తాను" అని వెళ్ళిపోయాడు.

అలా మొదలైంది. నాగరాజు షిఫ్టు దిగి వచ్చి వాళ్ళకి దూరం పాసులు నేర్పేవాడు. ఖాదర్ సాహెబ్ గారు రెండుసార్లు ఆటోలో వచ్చి, ఆడపిల్లలకి షాట్ పట్టు తప్పుగా నేర్పుతున్నానని నన్ను మందలించి వెళ్ళారు. చినబాబుగారికి సంగతి తెలుసు. ఆ పక్క గేటుకి కొత్త గడియ పెట్టమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకో నేను అడగలేదు.

ఆ దశాబ్దం చివరకి ఆ పిల్లలు భీమవరం టోర్నమెంట్‌లో ఫైనల్ గెలిచారు. నేను రిటైరవ్వబోతున్న సంవత్సరం. ఒక విలేకరి కెప్టెన్ పిల్లని నిలబెట్టి "మీ టీం ఎవరు పెట్టారమ్మా?" అని అడిగాడు.

నేను పక్కనే ఉన్నాను. రూతమ్మ గారి పేరు చెబుతుందనుకున్నాను. నా పేరు చెబుతుందేమోనని కూడా అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

"సత్తిబాబు మావయ్యండీ" అంది ఆ పిల్ల, చెమట తుడుచుకుంటూ.

విలేకరి రాసుకున్నాడు. సరిదిద్దడానికి నోరు తెరిచాను. ఏమని సరిదిద్దాలో తోచక, బంతుల సంచీ భుజాన వేసుకుని బస్సు వైపు నడిచాను.